లాప్‌టాప్ ఆన్ చేశాక వైఫై రావడానికి నిమిషాలు పడుతోందా? ఇలా చూసుకోండి

"అన్నా, లాప్‌టాప్ ఆన్ చేసినంక నెట్టు రానీకి ఐదు నిమిషాలు పడుతుంది. ఒక్కసారి వచ్చిందంటే ఇగ సాయంత్రం దాకా మంచిగనే ఉంటది." నల్లగొండలో నా రిపేర్ షాపుకు వారానికి ఒకరిద్దరైనా ఈ మాట చెప్పుకుంటూ వస్తారు. దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చే టీచర్లున్నారు. ఇంటి దగ్గర్నుంచే ఉద్యోగం చేస్తూ, పొద్దున 9 గంటల మీటింగ్‌కు రోజూ లేటవుతోందని టెన్షన్ పడేవాళ్లున్నారు. పాలమూరు నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. దీన్ని దగ్గర పెట్టుకుని చేసుకుంటే చాలావరకు మీ ఇంట్లోనే బాగవుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. నా దగ్గరికి వచ్చేలోపే చాలామంది ఏదో ఒక ఖర్చు పెట్టేసి ఉంటారు. ఒకరు విండోస్ ఫార్మాట్ చేయిస్తారు, ఇంకొకరు కొత్త రౌటర్ కొంటారు, మరొకరు ఎక్కువ స్పీడ్ ప్లాన్‌కు మారతారు. ఆన్ చేయగానే వచ్చే ఆలస్యానికి ప్లాన్ స్పీడ్‌తో సంబంధం లేదు. 40 ఎంబీపీఎస్ అయినా 300 ఎంబీపీఎస్ అయినా మొదట కనెక్ట్ కావడానికి పట్టే టైమ్ దాదాపు ఒకటే. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలిసేదాకా దయచేసి రూపాయి కూడా పెట్టకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక ఫోన్ కావాలి. స్టాప్‌వాచ్‌కూ అదే, హాట్‌స్పాట్‌కూ అదే. దాని చార్జింగ్ కేబుల్ కూడా ఉంచుకోండి, డేటా వెళ్లే కేబుల్ అయి ఉండాలి. రాసుకోవడానికి ఒక కాగితం, వైఫై పాస్‌వర్డ్, లాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్, ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. రౌటర్ అడుగున ఉండే స్టిక్కర్‌ను ఫోటో తీసి పెట్టుకోండి, లాగిన్ అడ్రస్ దాని మీదే ఉంటుంది. పనికి గంట పడుతుంది. ఫలితం ఖాయం చేసుకోవడానికి మాత్రం రెండు మూడు రోజులు చూడాలి.

హెచ్చరిక: కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే 1, 2, 3 స్టెప్పుల్లో చెప్పిన పరీక్షలు మాత్రమే చేయండి. సెట్టింగ్‌లు మార్చకండి. కొలిచిన లెక్కలు మీ ఐటీ వాళ్లకు పంపితే వాళ్లకు పని సులువవుతుంది.

1. ముందు టైమ్ కొలవండి

లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, రెండు నిమిషాలు ఆగి, పవర్ బటన్ నొక్కగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టండి. నాలుగు చోట్ల టైమ్ రాసుకోండి.

ఒకటి, పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ కనిపించినప్పుడు.
రెండు, కింద కుడివైపు గుర్తు మీద నొక్కితే చుట్టుపక్కల వైఫై పేర్లు కనిపించినప్పుడు.
మూడు, మీ వైఫై పేరు కింద "కనెక్టెడ్" అని వచ్చినప్పుడు.
నాలుగు, బ్రౌజర్‌లో ఏదైనా పేజీ పూర్తిగా తెరుచుకున్నప్పుడు.

గుర్తు దగ్గర భూగోళం బొమ్మ ఉంటే ఇంకా నెట్ అందలేదని అర్థం. వైఫై గీతలు వచ్చినప్పుడే కనెక్ట్ అయినట్టు.

ఇలా మూడుసార్లు కొలవండి. ఒక్కసారి కొలిస్తే మోసపోతాం, ఎందుకంటే అప్‌డేట్ నడుస్తున్న రోజు ఏ లాప్‌టాప్ అయినా నత్తనడకే.

ఇప్పుడు కాగితం చూడండి. డెస్క్‌టాప్ రావడానికే రెండు మూడు నిమిషాలు పడితే, లేదా డెస్క్‌టాప్ వచ్చినా ఏది నొక్కినా కదలకపోతే, అది వైఫై జబ్బు కాదు, 4వ స్టెప్ చూడండి. డెస్క్‌టాప్ వచ్చింది గానీ పేర్లే కనిపించడం లేదంటే డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మీద అనుమానం, 3, 6 స్టెప్పులు మీవి. పేరు కనిపిస్తోంది, కనెక్ట్ కావడానికే నానుతోంది అంటే 5, 7 చూడండి. కనెక్టెడ్ అని చూపిస్తూ పేజీ తెరవకపోతే 7, 8 చూడండి. 2వ స్టెప్ మాత్రం అందరూ చేయాలి.

2. లాప్‌టాప్‌దా, రౌటర్‌దా? తేల్చుకోండి

ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, లాప్‌టాప్‌ను ఒకసారి దానికి కనెక్ట్ చేసి, ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే టిక్ పెట్టండి. తర్వాత ఇంటి రౌటర్ ఆపేసి, లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉందో లేదో చూసుకోండి, కొన్ని ఫోన్లు వాడకం లేకపోతే దానంతట అవే ఆపేస్తాయి. హాట్‌స్పాట్‌కు పది పదిహేను సెకన్లలో తగులుకుంటే మీ లాప్‌టాప్ బాగానే ఉంది, చూడాల్సింది రౌటర్‌ను. దానికీ అంతే ఆలస్యమైతే లాప్‌టాప్‌లోనే లోపం.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, అది కరెంటు. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకు, లైట్లకు ఉంటుంది, రౌటర్ ప్లగ్ మాత్రం టీవీ పక్కన మామూలు లైన్ మీద ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే, బ్యాటరీ మీద ఉన్న లాప్‌టాప్ సిద్ధంగానే ఉంటుంది గానీ రౌటర్ మొదట్నుంచి లేవాలి. ఫైబర్ కనెక్షన్ బాక్సు పూర్తిగా లేచి, లైన్ పట్టుకుని, నెట్ ఇవ్వడానికి రెండు మూడు నిమిషాలు మామూలే. రాత్రి పడుకునే ముందు మెయిన్ స్విచ్ కట్టేసే ఇళ్లలో ప్రతి పొద్దునా ఇదే జరుగుతుంది. వాళ్లు లాప్‌టాప్‌ను తిడుతుంటారు. పాపం, దాని తప్పేమీ లేదు.

దీన్ని కనిపెట్టడం తేలిక. రౌటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగాక లాప్‌టాప్ ఆన్ చేయండి. నెట్ వెంటనే వస్తే కారణం దొరికినట్టే. రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు మార్పించండి, లేదా రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ పెట్టండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూడండి. ఎక్కువ రౌటర్లు 12 వోల్టులవి, కొన్ని 9 వోల్టులవి ఉంటాయి. 9 వోల్టుల దానికి 12 ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ బాక్సు, వైఫై రౌటర్ రెండూ విడివిడిగా ఉంటే రెండింటికీ బ్యాకప్ ఉండాలి. ఒక్కదానికే పెడితే వైఫై పేరు కనిపిస్తుంది, నెట్ రాదు.

3. షట్‌డౌన్‌కూ రీస్టార్ట్‌కూ తేడా చూడండి

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, చాలామంది చేయరు. ఒకసారి లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి టైమ్ కొలవండి. ఇంకోసారి షట్‌డౌన్ చేసి ఆన్ చేసి కొలవండి. రీస్టార్ట్ చేస్తే వైఫై చకచకా వచ్చి, షట్‌డౌన్ తర్వాత మాత్రం ఆలస్యమవుతుంటే దొంగ దొరికినట్టే. దాని పేరు ఫాస్ట్ స్టార్టప్.

షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ నిజంగా పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. కొన్ని వైఫై కార్డుల డ్రైవర్లు ఇలా నిద్రలోంచి లేవడంలో తడబడతాయి. రీస్టార్ట్‌లో అయితే అన్నీ కొత్తగా మొదలవుతాయి, అందుకే బాగుంటుంది.

ఆపే ముందు ఖాయం చేసుకోండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఆ ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ అవుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు వైఫై త్వరగా వస్తే ఇక శాశ్వతంగా ఆపవచ్చు.

కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఎడమవైపు "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" నొక్కండి. పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" అని నీలం రంగులో ఉంటుంది, దాన్ని నొక్కితేనే కింద ఉన్న టిక్‌లు కదులుతాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" టిక్ తీసేసి సేవ్ చేయండి. సేవ్ నొక్కకుండా బయటికి వచ్చేసి "నేను తీసేశానన్నా, అయినా అట్లనే ఉంది" అనేవాళ్లు చాలామంది. మళ్లీ లోపలికి వెళ్లి టిక్ పోయిందో లేదో చూసుకోండి. ఆ టిక్కే కనిపించకపోతే మీ లాప్‌టాప్‌లో హైబర్నేట్ ఆపి ఉందని, కాబట్టి ఫాస్ట్ స్టార్టప్ కూడా పనిచేయడం లేదని అర్థం.

ఇది తీసేస్తే ఆన్ కావడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఉంటే కొద్ది సెకన్ల తేడాయే. పాత హార్డ్‌డిస్క్ అయితే తేడా బాగా తెలుస్తుంది. అప్పుడు ఏది మేలో మీ స్టాప్‌వాచ్ చెబుతుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక ఈ టిక్ మళ్లీ వచ్చిందేమో ఒకసారి చూసుకోండి.

4. అసలు లాప్‌టాప్ లేవడమే ఆలస్యమైతే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే అందులో పర్ఫార్మెన్స్ పేజీ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గరే నిమిషాల తరబడి ఉంటే వైఫైకి తన వంతు రావడం లేదంతే. డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అయితే నేను మొహమాటం లేకుండా చెప్పేది ఒక్కటే: మిగతా తంటాలన్నీ మాని ఎస్‌ఎస్‌డీ వేయించండి. వైఫై స్లో అని నా టేబుల్ మీదికి వచ్చిన పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి అదే మందు. డేటా బ్యాకప్ తీసుకోకుండా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఎస్‌ఎస్‌డీ ఉండి కూడా బరువుగా లేస్తుంటే, టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ పేజీ తెరవండి. ఇంపాక్ట్ దగ్గర హై అని ఉన్నవాటిలో మీకు పొద్దున్నే అక్కర్లేనివి, అంటే గేమ్ లాంచర్లు, చాట్ యాప్‌లు, టొరెంట్ సాఫ్ట్‌వేర్ లాంటివి డిసేబుల్ చేయండి. యాంటీవైరస్‌ను, టచ్‌ప్యాడ్, ఆడియో పేర్లున్నవాటిని ముట్టుకోకండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. రెండూ ఒకదానితో ఒకటి గొడవపడుతూ నెట్‌ను ఆపుతుంటాయి.

5. వైఫైని మర్చిపోనిచ్చి మళ్లీ చేర్చండి

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో "మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్" తెరవండి. హాస్టల్, బంధువుల ఇల్లు, లాడ్జి, పాత హాట్‌స్పాట్‌లు ఎన్నో అక్కడ పేరుకుని ఉంటాయి. వాడనివన్నీ "ఫర్గెట్" నొక్కి తీసేయండి. ఇంట్లోనే పాత రౌటర్ పేరు, పక్కింటివాళ్ల వైఫై పేరు ఉంటే లాప్‌టాప్ ముందు వాటి వెంట పడే అవకాశం ఉంది. చివర్న మీ వైఫైని కూడా ఫర్గెట్ చేసి, పాస్‌వర్డ్ ఇచ్చి మళ్లీ కనెక్ట్ అవ్వండి. "కనెక్ట్ ఆటోమేటికల్లీ" టిక్ ఉండేలా చూడండి.

హెచ్చరిక: ఫర్గెట్ చేసే ముందు పాస్‌వర్డ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి. పాస్‌వర్డ్ తెలిసిన కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటే ఆ రోజంతా నెట్ లేకుండా కూర్చోవాలి.

మీ వైఫై పేరు బయటికి కనిపించకుండా దాచి పెట్టారా? సెక్యూరిటీ కోసమని కొందరు అలా చేయిస్తారు. దానివల్ల పెద్దగా రక్షణ రాదు, కనెక్షన్ మాత్రం ఆలస్యమవుతుంది. ఎందుకంటే లాప్‌టాప్ ఆ పేరు పెట్టి పిలుస్తూ వెతుక్కోవాలి. పేరు కనిపించనివ్వండి, పాస్‌వర్డ్ గట్టిది పెట్టండి.

6. డ్రైవర్, పవర్ సేవింగ్

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైర్‌లెస్ అని గానీ, వైఫై అని గానీ, 802.11 అని గానీ ఉన్న పేరు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, పవర్ మిగల్చడానికి ఈ డివైస్‌ను ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ పేజీ ఉండదు. లేకపోతే గాబరా పడకండి, ముందుకు వెళ్లండి.

డ్రైవర్ పేజీలో తేదీ చూడండి. ఈ ఇబ్బంది ఈ మధ్యే, ఏదో అప్‌డేట్ తర్వాత మొదలైతే "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కి పాతదానికి వెళ్లండి. ఎప్పట్నుంచో ఉంటే, మీ లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి వైఫై డ్రైవర్ దించుకోండి. డ్రైవర్‌ను అప్‌డేట్ చేస్తామంటూ డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. వాటిని తీసేయించుకోవడానికే నా దగ్గరికి వస్తుంటారు.

పాత డ్రైవర్ తీసేయాల్సి వస్తే ముందు కొత్తది పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. డ్రైవర్ తీసేశాక వైఫై ఉండదు, దించుకుందామంటే నెట్ ఉండదు. ఇప్పటికే అలా ఇరుక్కుని ఉంటే ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ డేటా లాప్‌టాప్‌కు వచ్చేస్తుంది.

7. కనెక్ట్ అయింది గానీ నెట్ లేదు: అడ్రస్ చూడండి

స్టార్ట్‌లో సీఎండీ అని ఇంగ్లిష్‌లో కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే అని రెండు అంకెల వరుసలు కనిపిస్తాయి. మొదటిది రౌటర్ మీ లాప్‌టాప్‌కు ఇచ్చిన నంబర్, రెండోది నెట్‌కు దారి చూపే రౌటర్ నంబర్. బాగున్నప్పుడు ఒకసారి, బాగాలేనప్పుడు ఒకసారి ఈ రెండూ కాగితం మీద రాసుకోండి.

అడ్రస్ 169.254 తో మొదలైతే రౌటర్ మీ లాప్‌టాప్‌కు అడ్రస్ ఇవ్వలేదని, లాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. అదే కమాండ్ తర్వాత స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, రెన్యూ అని కలిపి కొడితే కొత్త అడ్రస్ అడుగుతుంది. ఎవరైనా ఎప్పుడో అడ్రస్‌ను చేత్తో పెట్టి ఉంటే, వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఆఫీసుకు పోయినప్పుడు చూసింది చెబుతాను, ఇలాంటిది మీ ఇంట్లో కూడా ఉండొచ్చు. రోజూ పొద్దున మెయిన్ స్విచ్ వేశాక లాప్‌టాప్‌కు వైఫై తగులుతుంది, నెట్ రాదు. గుమస్తా వైఫైని నాలుగైదుసార్లు ఆపి వేస్తే అప్పుడొస్తుంది. లాప్‌టాప్ మార్చారు, అదే తంతు. ఐపీకాన్ఫిగ్ కొడితే గేట్‌వే 192.168.0.1 అని ఉంది. వైఫై ఆపి వేసి, నెట్ వచ్చాక చూస్తే 192.168.1.1 అని ఉంది. ఒకే ఆఫీసులో రెండు గేట్‌వేలు ఎందుకున్నాయి? కాటా దగ్గరికి సిగ్నల్ రావాలని పాత రౌటర్ ఒకటి గోడకు కొట్టి, దానికి కేబుల్ వేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టారు. అదీ అడ్రస్‌లు పంచుతోంది, ఫైబర్ బాక్సూ పంచుతోంది. స్విచ్ వేయగానే పాత చిన్న రౌటర్ అర నిమిషంలో లేస్తుంది, ఫైబర్ బాక్సుకు రెండు నిమిషాలు కావాలి. ముందు లేచినదాన్ని లాప్‌టాప్ అడ్రస్ అడుగుతుంది. అది ఇస్తుంది. కానీ దాని దగ్గర నెట్ లేదు కదా, తప్పు దారిలో నిలబడిపోతుంది.

బాగు చేయడానికి పది నిమిషాలే పట్టింది. పాత రౌటర్‌లో లాగిన్ అయి దాని అడ్రస్‌ను 192.168.1.2 చేశాను, తర్వాత అందులో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేశాను, కేబుల్ ల్యాన్ పోర్టులోనే ఉందో లేదో చూశాను. ఈ వరుస ముఖ్యం. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే మళ్లీ ఆ రౌటర్‌లోకి పోవడం కష్టమవుతుంది. మేడ మీద గదికి పాత రౌటర్ వాడుతున్న ప్రతి ఇంట్లో ఇది చూసుకోవాలి. మన ఇళ్లలో బండరాతి గోడలు, ఆర్‌సీసీ స్లాబులు దాటి సిగ్నల్ పోదని రెండో రౌటర్ పెట్టడం మామూలే. పెట్టడంలో తప్పు లేదు. అడ్రస్‌లు మాత్రం ఒక్కటే పంచాలి.

8. అడ్రస్ సరిగ్గానే ఉంది, పేజీ మాత్రం తెరవదు

ముందుగా గడియారం చూడండి. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరవవు. కాసేపటికి టైమ్ దానంతట అదే సరిపడ్డాక అన్నీ తెరుచుకుంటాయి. చూసేవాళ్లకు "ఐదు నిమిషాలకు నెట్ వచ్చింది" అనిపిస్తుంది. రోజూ పొద్దున తేదీ వెనక్కి పోతుంటే లోపల ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. మార్పించండి, పెద్ద ఖర్చు కాదు.

తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద ప్రాక్సీ తెరిచి, "ఆటోమేటికల్లీ డిటెక్ట్ సెట్టింగ్స్" ఆపి చూడండి. ప్రాక్సీ అంటే కొన్ని ఆఫీసుల్లో నెట్‌కు మధ్యలో పెట్టే సర్వర్, ఇంటి వైఫైకి అది అవసరం లేదు. అయినా లాప్‌టాప్ దానికోసం వెతుకుతూ మొదటి పేజీని ఆలస్యం చేస్తుంటుంది. ఆన్ కాగానే తగులుకునే వీపీఎన్ ఉంటే దాన్ని కూడా ఒక రోజు ఆపి కొలవండి.

ఇంకా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, స్పేస్ ఇచ్చి 8.8.8.8 అని కొట్టండి. జవాబులు వస్తూ, వెబ్‌సైట్ పేర్లు మాత్రం తెరవకపోతే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును నంబర్‌గా మార్చి చెప్పే సర్వర్) దగ్గర ఆగుతోంది. వైఫై ప్రాపర్టీస్‌లో డీఎన్‌ఎస్‌ను చేత్తో 8.8.8.8, రెండోది 1.1.1.1 అని పెట్టి చూడండి. పింగ్‌కే జవాబు రాకపోతే, ఈసారి 8.8.8.8 బదులు గేట్‌వే నంబర్‌తో కొట్టండి. దానికి జవాబు వస్తే లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా దారి బాగుంది, అవతలి లైన్ సంగతి నెట్ ఇచ్చేవాళ్లకు చెప్పాలి.

9. రౌటర్‌లో రెండు మార్పులు

చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నల్ ఇస్తాయి. రౌటర్ ఆన్ అయ్యాక 2.4 గిగాహెర్ట్జ్ పేరు ముందే వచ్చి, 5 గిగాహెర్ట్జ్ పేరు నిమిషం తర్వాత వస్తోందా? అది చెడిపోయినట్టు కాదు. 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లలో రాడార్లు ఉండవచ్చు కాబట్టి రౌటర్ సిగ్నల్ ఇచ్చే ముందు కనీసం నిమిషం పాటు వినాలన్నది నియమం. రౌటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ను 36, 40, 44, 48 లలో ఏదో ఒకటి పెడితే ఆ వెయిటింగ్ ఉండదు. 2.4 కు అయితే 1, 6, 11 లలో ఇరుగుపొరుగు తక్కువ వాడుతున్నది పెట్టండి.

పాత లాప్‌టాప్, కొత్త రౌటర్ అయితే సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 (వైఫైకి రక్షణ ఇచ్చే పాత, కొత్త పద్ధతులు) కలిపి ఉందేమో చూడండి. కొన్ని పాత కార్డులు అక్కడ తికమకపడతాయి. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెట్టి రెండు రోజులు చూడండి. పాస్‌వర్డే తీసేసి పరీక్షించడం మాత్రం వద్దు.

రౌటర్ ఇనుప బీరువా మీదో, టీవీ వెనకో ఉంటే బయటికి తీయండి.

10. ఏదీ కాకపోతే నెట్‌వర్క్ రీసెట్

విండోస్ 11 లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, చివర్న నెట్‌వర్క్ రీసెట్. విండోస్ 10 లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ మొదటి పేజీ కిందే ఉంటుంది. ఇది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేస్తుంది, వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాలి. అందుకే దీన్ని చివర్న పెట్టాను. చాలామంది దీంతోనే మొదలుపెడతారు. అప్పటికి బాగైనట్టు కనిపించి వారానికి మళ్లీ వస్తుంది, అసలు కారణం అలాగే ఉండిపోతుంది కాబట్టి.

విండోస్ బదులు ఉబుంటు వాడే స్టూడెంట్లకు: వైఫై లాగిన్ తర్వాతే తగులుతుంటే, ఆ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఇతర యూజర్లకు కూడా అందుబాటులో ఉంచే టిక్ పెట్టండి. పాస్‌వర్డ్ మీ ఒక్కరి ఖాతాలో దాగి ఉండటం వల్ల అలా జరుగుతుంది. ఆన్ కావడమే లేటైతే టెర్మినల్‌లో సిస్టమ్‌డి-అనలైజ్ బ్లేమ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, పైన ఏ సర్వీసు ఎక్కువ సెకన్లు తింటోందో చూడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే పెద్దది, ఒకేసారి ఐదు సెట్టింగ్‌లు మార్చడం. బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, పాడైతే ఏది వెనక్కి తిప్పాలో తెలియదు. ఒక్కటి మార్చండి, షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి, కొలవండి, రాయండి. అప్పుడే ఇంకోదానికి వెళ్లండి. ఇది ఓపిక పరీక్షే, నాకు తెలుసు. కానీ కాగితం మీద రాసుకున్నవాళ్లు షాపు దాకా రావాల్సిన అవసరం పడటం అరుదు.

మూత మూసి తెరిచి "ఆన్ చేసి చూశాను" అనడం ఇంకొకటి. మూత మూస్తే నిద్రపోతుంది, షట్‌డౌన్ కాదు. నిద్రలోంచి లేచినప్పుడు మాత్రమే వైఫై ఆలస్యమైతే 6వ స్టెప్ దగ్గరే ఆగి చూడండి. ఇక, రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నీసుతో గుచ్చేవాళ్లున్నారు. అది రీస్టార్ట్ కాదు, మొత్తం సెట్టింగ్‌లు పోతాయి. మళ్లీ నెట్ ఇచ్చినవాళ్లే వచ్చి పెట్టాలి.

బాగైందని ఎలా తెలుస్తుంది?

మొదటి రోజు కాగితం తీసి, అవే నాలుగు టైమ్‌లు మూడు రోజులు, పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొలవండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ కనిపించాక పది సెకన్లలోపు కనెక్టెడ్ అని రావాలి, ఇరవై సెకన్లలోపు పేజీ తెరుచుకోవాలి. నా టేబుల్ మీద నేను పెట్టుకునే లెక్క ఇది. మూడు రోజుల్లో ఒక్కరోజైనా నిమిషం దాటితే ఇంకా ఏదో మిగిలి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఒకసారి కొలవండి.

విండోస్ దగ్గర కూడా ఒక రికార్డు ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి, నెట్‌ష్, డబ్ల్యూల్యాన్, షో, డబ్ల్యూల్యాన్‌రిపోర్ట్ అనే నాలుగు మాటలను ఇంగ్లిష్‌లో, మధ్యలో స్పేస్ ఇస్తూ కొట్టండి. గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు తగిలింది, ఎప్పుడు తెగింది, ఎందుకు అన్నది ఒక పేజీగా తయారవుతుంది. అది ఎక్కడ సేవ్ అయిందో కింద చూపిస్తుంది. ఎర్ర గుర్తులున్న చోట కారణం చదవండి.

ఇవన్నీ చేశాక కూడా వైఫై పేర్లే కనిపించకపోతే, చివరి పరీక్షగా ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానితో వెంటనే వస్తుంటే లోపలి వైఫై కార్డు గానీ, దాని యాంటెన్నా వైరు గానీ వదులై ఉంటుంది. ముఖ్యంగా ఈ మధ్య బ్యాటరీ కోసమో, కీబోర్డు కోసమో లాప్‌టాప్ విప్పించి ఉంటే. అప్పుడు మీకు దగ్గర్లోని షాపుకు తీసుకెళ్లండి, ఈ కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.